హాల్ టికెట్ పక్కన గ్రామసభ తేదీ కూడా రాసుకోండి!

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్‌లలో చదువుకుంటున్న ఉద్యోగార్థులకు విజ్ఞప్తి



ఇది కోచింగ్ సెంటర్ ప్రకటన కాదు. వెనక్కి తిప్పినా టెస్ట్ సిరీస్ ఆఫర్ కనపడదు. ఏ పార్టీ జెండా కిందా అచ్చయింది కాదు. మెస్ బిల్లులో మిగుల్చుకున్న డబ్బుతో జిరాక్స్ తీయించుకున్నాం. టీ తాగేంతసేపట్లో చదివి పక్కవాళ్లకివ్వండి.

ముందు ఒక బిట్టు. షెడ్యూల్డ్ ప్రాంతంలో పంచాయతీ ఖర్చు పెట్టిన నిధులు సక్రమంగా ఖర్చయ్యాయని ధ్రువపత్రం ఇవ్వాల్సింది ఎవరు? (ఎ) ఎంపీడీవో (బి) ఐటీడీఏ పీవో (సి) కలెక్టరు (డి) గ్రామసభ. లైబ్రరీ చెట్ల కింద కూర్చున్న ఎవర్ని లేపి అడిగినా 'డి' అంటారు. 1996 పీసా చట్టం, 4వ సెక్షన్, (ఎఫ్) క్లాజు అని కూడా చెబుతారు. మరి రెండో ప్రశ్న, దీనికి కీ రాదు: మీ ఊరి గ్రామసభ ఆ ధ్రువపత్రం ఆఖరుసారి ఎప్పుడిచ్చింది?

మేం ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం ఐటీడీఏల కింది ఊళ్ల నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్నవాళ్లం. 2018లో కేంద్రం ప్రకటించిన ఆస్పిరేషనల్ జిల్లాల్లో తెలంగాణవి మూడు: ఆసిఫాబాద్, భూపాలపల్లి, భద్రాద్రి కొత్తగూడెం. కరెంట్ అఫైర్స్ నోట్సులో మీరు పెన్సిల్‌తో గీత గీసుకున్న ఈ మూడు పేర్లూ మాకు అమ్మానాన్నలుండే చోట్లు.

ఇప్పుడే ఎందుకీ కరపత్రం? 2025 ఏప్రిల్, మే నెలల్లో మూడు వారాల పాటు ములుగు జిల్లా వెంకటాపురం, వాజేడు మండలాల సరిహద్దులో కర్రెగుట్టల మీద బలగాలు మకాం వేశాయి. మే 21న మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు అబూజ్‌మాడ్‌లో హతమయ్యారు. అక్టోబరులో ఆ పార్టీ అగ్రనేత మల్లోజుల వేణుగోపాలరావు గడ్చిరోలిలో ఆయుధం అప్పగించారు. నవంబరు 18న మారేడుమిల్లి అడవిలో మావోయిస్టు కమాండర్ హిడ్మా చనిపోయారు. మావోయిస్టుల అంతానికి 2026 మార్చి 31ని కేంద్ర హోంమంత్రి ఆఖరు గడువుగా ప్రకటించారు. ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అన్న వాదన టీవీలకు వదిలేద్దాం. తుపాకీ లేచిపోయిన చోటికి ఇక ఎవరొచ్చి కూర్చుంటారన్నది మా ప్రశ్న. కాంట్రాక్టరు అప్పుడే బయల్దేరాడు. గ్రామసభ ఇంకా నిద్ర లేవలేదు.

మన తెలుగు నేల చరిత్రే చూడండి. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాడు. ఆ తర్వాతే నిజాం సర్కారు మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను గోండుల మధ్యకు పంపింది. మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది. 1356 ఫసలీలో, అంటే 1946లో, గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది. 1967 అక్టోబరు 31న శ్రీకాకుళం జిల్లా లేవిడిలో ఇద్దరు గిరిజనులు కాల్పుల్లో చనిపోయారు. ఏజెన్సీ అంటుకుంది. 1970లో గిరిజన భూముల బదలాయింపును అడ్డుకునే 1/70 చట్టం వచ్చింది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో పోలీసు కాల్పులు. సర్కారు లెక్క 13 మంది, హక్కుల సంఘాల లెక్క అంతకు ఎన్నో రెట్లు. 1996 డిసెంబరు 24న పీసా, 2006లో అటవీ హక్కుల చట్టం. నెత్తురు చిందినప్పుడల్లా ఒక చట్టం చేశారు. చేసిన చట్టాన్ని ఆఫీసర్ల చేతికిచ్చి ఎవరి దారిన వాళ్లు పోయారు. ఏజెన్సీలో చట్టాలకు కరువు లేదు. ఆ చట్టాలను ఊళ్లో కూర్చుని నడిపే సభకే కరువు.

2004 అక్టోబరులో, ఇక్కడికి ఎంతో దూరం లేని మంజీరా అతిథి గృహంలో ప్రభుత్వమూ నక్సలైట్లూ ఎదురెదురుగా కూర్చున్నారు. రిటైర్డ్ ఐఏఎస్ ఎస్.ఆర్. శంకరన్ వంటి పెద్దమనిషి ఏళ్ల తరబడి కాళ్లరిగేలా తిరిగితే జరిగిన చర్చలవి. భూమి సంగతి కూడా ఎజెండాలో ఉంది. నాలుగు రోజుల్లో ముగిశాయి, మళ్లీ సాగలేదు. ఆ బల్లకు ఇటూ అటూ కూర్చున్నవాళ్లందరూ గూడెం తరఫునే మాట్లాడారు. గూడేనికి మాత్రం కుర్చీ వేయలేదు.

ఈ నలభై యాభై ఏళ్లలో రెండు తుపాకుల మధ్య నలిగింది పంచాయతీయే. పంచాయతీరాజ్ మంత్రిగా ఉన్న ఎలిమినేటి మాధవరెడ్డినే 2000 మార్చి 7న ఘట్‌కేసర్ దగ్గర మందుపాతరతో చంపారు. ఇక ఊరి సర్పంచి ఎంత? ఇన్ఫార్మర్ అన్న ముద్ర పడితే ఒకవైపు ప్రాణభయం. పోడు పట్టా గురించి గట్టిగా అడిగితే 'నీకు అన్నలతో సంబంధమేంటి' అన్న ప్రశ్న ఇంకోవైపు. దాంతో తెలివైనవాళ్లు నోరు మూసుకోవడం నేర్చుకున్నారు. ఆ మౌనం ఎంత అలవాటైందంటే, ఇప్పుడు భయపెట్టేవాళ్లు లేని చోట కూడా గ్రామసభలో ఎవరూ లేచి మాట్లాడరు.

గ్రామసభ ఎలా జరుగుతుందో చూడనివాళ్ల కోసం చెబుతున్నాం. పొద్దున పదకొండు గంటలకని టముకు వేయిస్తారు. పంచాయతీ ఆఫీసు వరండాలో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. వాటి మీద మండలం నుంచి వచ్చినవాళ్లు. కింద జంపఖానా మీద జనం, అందులో సగం మంది ఉపాధి హామీ కూలి ఎందుకు పడలేదో అడుగుదామని వచ్చినవాళ్లు. కార్యదర్శి గబగబా ఒక కాగితం చదువుతాడు. కోయ తప్ప వేరే భాష రాని ముసలామెకు అందులో తన ఊరి పేరు ఒక్కటే వినిపిస్తుంది. 'అందరికీ సమ్మతమేనా?' అంటాడు. వెనక నించి ఎవరో 'ఆఁ' అంటారు. ఫొటో తీసి పైకి పంపుతారు. సభ అయిపోయింది. రిజిస్టరు మాత్రం సాయంత్రం దాకా ఇంటింటికీ తిరుగుతూనే ఉంటుంది, కోరం నిండేదాకా. తీర్మానం రాయాల్సిన చోట ఖాళీ వదిలి, దాని కింద వేలిముద్రలు వేయించుకోవడం మేం మా కళ్లతో చూశాం. ఆ ఖాళీ తర్వాత ఎక్కడో నిండుతుంది.

ఆ కార్యదర్శిని తిట్టబుద్ధి కాదు. వాడూ మనవాడే. 2018లో 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శుల పోస్టులకు ఈ గదుల్లోంచే ఎంతమంది పరీక్ష రాయలేదు! నర్సరీ ఫొటో, డంపింగ్ యార్డు ఫొటో, వైకుంఠధామం ఫొటో, ట్రాక్టరు కిస్తీ, మధ్యలో వీడియో కాన్ఫరెన్సు. గ్రామసభ వాడికి మరో ఫొటో. సర్పంచి పరిస్థితి అంతకన్నా మెరుగేం కాదు: చెక్కు మీద ఉపసర్పంచి సంతకం కూడా కావాలి, కలెక్టరుకు కోపమొస్తే సస్పెన్షను, సొంత డబ్బు పెట్టి చేయించిన పనికి బిల్లు కోసం ఏళ్ల తరబడి తిరుగుడు.

2018 పంచాయతీరాజ్ చట్టం తండాలను, గూడేలను పంచాయతీలు చేసింది. రాష్ట్రంలో పంచాయతీల సంఖ్య 12 వేలు దాటింది. ఎవరు చేసినా మంచి పనిని మంచి పనే అందాం. అయితే 2019లో గెలిచినవాళ్ల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లో తీరిపోతే, మళ్లీ ఓటు పడింది 2025 డిసెంబరులో, 11, 14, 17 తేదీల్లో. ఈ మధ్యకాలమంతా ప్రత్యేకాధికారుల పాలనే. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంటు రాదు, రాలేదు. బోరు మోటారు కాలిపోతే బాగుచేయించడానికి చందాలేసుకున్న ఊళ్లున్నాయి. అసలు ఎన్నికలే చూడని చోట్లున్నాయి, వాటి సంగతి ఇంకా ఘోరం. షెడ్యూల్డ్ ప్రాంతమా కాదా అన్న వివాదం కోర్టులో ఉండి మంగపేట మండలంలో ఏళ్ల తరబడి పంచాయతీ ఎన్నికలు ఆగాయి. షెడ్యూల్డ్ ప్రాంతాల మునిసిపాలిటీలకు పార్లమెంటు వేరే చట్టం చేయొచ్చని రాజ్యాంగం 243 జెడ్‌సీలో ఉంది. ఆ చట్టం రానే లేదు. మణుగూరు, మందమర్రి వంటి బొగ్గు పట్టణాలు ఏళ్లకేళ్లు ప్రత్యేకాధికారుల చేతుల్లోనే నడిచాయి. బొగ్గు మాత్రం ఒక్కరోజూ ఆగలేదు.

సరే, సభ నిజంగా కూర్చుంటే ఏమొస్తుంది? ఊకదంపుడు వద్దు, రోడ్డు దగ్గర మొదలుపెడదాం.

మా గూడేలకు రోడ్డు అడిగితే అరవై ఏళ్లుగా ఒకటే జవాబు: 'ఫారెస్టోళ్లు ఒప్పుకోవట్లేదు.' గర్భిణిని మంచం మీద మోసుకొస్తున్న ఫొటో ప్రతి వానాకాలం పేపర్లో పడుతుంది, జవాబు మాత్రం మారదు. అటవీ హక్కుల చట్టం 3వ సెక్షన్, (2) సబ్‌సెక్షన్ తీయండి. బడి, దవాఖానా, అంగన్‌వాడీ, రేషన్ షాపు, కరెంటు లైను, చెరువు, మంచినీటి పైపు, రోడ్డు వంటి 13 రకాల పనులకు, పని ఒక్కింటికి ఒక హెక్టారు లోపు, హెక్టారుకు 75 చెట్లకు మించి పోకుండా అయితే, అటవీ భూమి ఇవ్వొచ్చు. ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. డీఎఫ్‌వో స్థాయిలో తేలిపోతుంది. కావాల్సింది ఏంటంటే గ్రామసభ సిఫార్సు. సభ్యుల్లో సగానికి తగ్గకుండా రావాలి, అందులో మూడోవంతు మహిళలు ఉండాలి. తీర్మానం ఇంత కష్టం:

'ఫలానా గూడెం గ్రామసభ ఫలానా తేదీన సమావేశమైనది. మొత్తం సభ్యులు ఇంతమంది, హాజరు ఇంతమంది, అందులో మహిళలు ఇంతమంది. గూడెం నుంచి ఫలానా రోడ్డు వరకు బాట వేయుటకు ఇంత విస్తీర్ణం అటవీ భూమి అవసరం. ఇది 1 హెక్టారు లోపే. పోయే చెట్లు ఇన్ని. అటవీ హక్కుల చట్టం 3(2) ప్రకారం ఈ భూమిని ఇవ్వవలసిందిగా సభ ఏకగ్రీవంగా సిఫార్సు చేయడమైనది.'

ఆరే వాక్యాలు. మెయిన్స్‌లో మనం మూడు గంటల్లో రాసే దాంట్లో ఇది ఎన్నో వంతు? అయినా మా ఊళ్లలో ఎన్ని చోట్ల ఈ కాగితం రాసేవాడు లేక రోడ్డు ఆగిపోయిందో! భద్రాద్రి కొత్తగూడెం జిల్లా గూడెం పిల్లాడు ఇదే సెక్షన్‌ను అశోక్ నగర్‌లో కూర్చుని నాలుగోసారి రివిజన్ చేస్తుంటాడు. వాళ్లమ్మ అదే సమయానికి వాగు దాటుతుంటుంది.

ఇక డబ్బు. ఏజెన్సీ బీదది కాదు, దాని సొమ్ము దాని చేతికి రావడం లేదు, అంతే. 2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ ట్రస్టులు పెట్టారు. సింగరేణి వంటి పాత లీజులవాళ్లు రాయల్టీకి అదనంగా అందులో 30 శాతం, ఆ తర్వాతి వేలం లీజులవాళ్లు 10 శాతం ఈ ట్రస్టుకు కట్టాలి. గనుల వల్ల దెబ్బతిన్న ఊళ్ల తాగునీరు, వైద్యం, చదువు దీనితో జరగాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఈ పనుల ప్రణాళికకు గ్రామసభ ఆమోదం తీసుకోవాలనీ, ఏటా ఏ పనులు చేశారో గ్రామసభకు నివేదిక ఇవ్వాలనీ కేంద్ర మార్గదర్శకాల్లోనే ఉంది. దుమ్ము తాగే ఊళ్లో ఆ నివేదిక విన్నవాళ్లుంటే వచ్చి మాకు చెప్పండి, దండం పెడతాం.

ఇసుక సంగతీ అంతే. పీసాలో చిన్నతరహా ఖనిజాలకు గ్రామసభ లేదా పంచాయతీ ముందస్తు సిఫార్సు తప్పనిసరి. గోదావరి ఒడ్డున గిరిజన ఇసుక సొసైటీలున్నాయి. పేరు గిరిజనులది. పొక్లెయిను, లారీ, లెక్కల పుస్తకం ఎవరివో ఆ ఒడ్డున ఎవర్నడిగినా చెబుతారు. ఆ లారీలు వచ్చేది ఈ నగరానికే. మనం అద్దెకుంటున్న హాస్టల్ నాలుగో అంతస్తులో మా గోదావరి ఇసుక ఉండొచ్చు. 

తునికాకు చూడండి. ఎండాకాలం తెల్లారుజామున అడవికి పోయి ఆకు కోసి, 50 ఆకులకో కట్ట కట్టి, కల్లానికి మోస్తారు. వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డ్ బస్తా. కట్టకు రేటు పెంచాలన్న డిమాండుతోనే ఒకప్పుడు అన్నలు ఈ అడవుల్లో కాలు నిలుపుకున్నారు, అది అందరికీ తెలిసిందే. పీసా ఏమంటుంది? చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం గ్రామసభది. రేటు పెంచమని అడుక్కునే కూలీ స్థానంలో కాదు, సరుకు అమ్మే యజమాని స్థానంలో నిలబెట్టింది. ప్రాణహిత దాటితే గడ్చిరోలి. సిరోంచలో మన తెలుగే మాట్లాడతారు. అదే జిల్లాలో మెండా లేఖ అనే చిన్న గోండు ఊరు 2009లో సామూహిక అటవీ హక్కు పత్రం సంపాదించింది. వెదురు తరలింపు పర్మిట్లు తామే ఇచ్చుకునే హక్కు 2011 ఏప్రిల్‌లో చేతికొచ్చింది. వెదురుకు టెండరు పిలిచేదీ, డబ్బు ఖాతాలో వేసుకునేదీ, దేనికి ఖర్చు పెట్టాలో తేల్చేదీ గ్రామసభే. ఆ తర్వాత ఆ జిల్లాలో ఎన్నో సభలు తునికాకు వేలాన్నీ సొంతంగా నడిపాయి. అది కూడా దశాబ్దాలుగా కాల్పుల మోత విన్న జిల్లాయే. నది ఇవతల మనకేం తక్కువ?

వద్దనే హక్కు సంగతీ మరవొద్దు. 2013 వేసవి పోయాక ఒడిశా నియమగిరిలో సుప్రీంకోర్టు ఆదేశంతో 12 ఊళ్ల సభలు కూర్చున్నాయి. బాక్సైట్ తవ్వకాలకు ఒప్పుకుంటారా అని అడిగితే పన్నెండుకు పన్నెండూ 'వద్దు' అన్నాయి. తవ్వకం ఆగింది. ఒక్క తూటా పేలకుండా ఆగింది. మన దగ్గర 1997లో సమత తీర్పు వచ్చింది, షెడ్యూల్డ్ ప్రాంత భూముల్ని ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వకూడదని. ఆ తీర్పు మనకు ఒక మార్కు బిట్టు. బొర్రా గుహల పక్క ఊళ్లకు అది బతుకు.

నిజం చెప్పుకుందాం. పీసాలో భూసేకరణకు ముందు 'సంప్రదింపు' అన్నారే గానీ 'సమ్మతి' అనలేదు. ఉమ్మడి రాష్ట్రం 1998లో చేసిన సవరణ కొన్ని అధికారాల్ని గ్రామసభకు బదులు మండల పరిషత్తుకు అప్పజెప్పింది. పీసా నియమాలు రావడానికి 2011 దాకా, అంటే చట్టం వచ్చాక దాదాపు పదిహేనేళ్లు పట్టింది. ఇవి చిన్న లోపాలు కావు. అయితే 2013 భూసేకరణ చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ముందస్తు సమ్మతి కావాలంది కదా. ఆ సమ్మతి ఇచ్చే సభే లేకపోతే ఆ సెక్షన్ ఎవరి కోసం?

తుపాకీ ఆగాక ఏమవుతుందో పొరుగున చూడండి. నేపాల్‌లో 1996 నుంచి పదేళ్లు మావోయిస్టు యుద్ధం నడిచింది. 2006లో శాంతి ఒప్పందమైంది. ఊరి పాలకవర్గాలకు మాత్రం 1997 తర్వాత మళ్లీ ఓటు పడింది 2017లో, 753 స్థానిక ప్రభుత్వాలకు. పాతవాళ్ల గడువు తీరాక ఊళ్లను నడిపింది ఆఫీసర్లూ, వాళ్ల చుట్టూ చేరిన పార్టీల వాళ్లూ. తుపాకీ ఆగగానే ఊరి ప్రభుత్వం దానంతట అదే రాదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మరో మాట, ఇది మాలో కొందరికి కూడా రుచించని మాట. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక ప్రాణాలు అరచేత పట్టుకుని గోదావరి దాటొచ్చిన గుత్తికోయలు భద్రాద్రి, ములుగు అడవుల్లో ఉన్నారు. సల్వాజుడుంను చట్టవిరుద్ధమని 2011 జులై 5న తీర్పు చెప్పిన ధర్మాసనంలో మన జస్టిస్ సుదర్శన్ రెడ్డి ఉన్నారు. ఆ తీర్పు వచ్చినా వాళ్లు తిరిగి పోలేదు. పోయే ఊరు మిగల్లేదు. ఇక్కడ వాళ్లకు ఎస్టీ గుర్తింపు లేదు, చాలా గుంపులకు రోడ్డు లేదు, బోరు లేదు. 'మా పోడు లాక్కుంటారు' అన్న భయం మా గూడేల్లో ఉంది, దాన్ని దాచం. కానీ వాళ్ల పిల్లల బడి, నీళ్లు, మందుల గురించి గ్రామసభలో మాట్లాడకపోతే ఇంకెక్కడ మాట్లాడతాం?

'పరీక్ష దగ్గర పడింది, ఊరికి పోతే రెండు రోజులు పోతాయి' అంటారు. నిజమే. గ్రూప్-1 జీవో 29 రద్దు కోసం 2024లో ఇదే రోడ్ల మీద కూర్చున్నప్పుడు ఎన్ని రోజులు పోయాయో ఎవరూ లెక్కపెట్టుకోలేదు. 2000 జనవరిలో ఏజెన్సీ టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకేనని జీవో 3 తెచ్చారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. మా తరం కడుపు మీద కొట్టిన తీర్పది. అందులోంచి మేం నేర్చుకున్నది ఒకటుంది: జీవోతో వచ్చింది కోర్టులో పోవచ్చు. గ్రామసభ అధికారం పార్లమెంటు చట్టం. అది పోవాలంటే మనం సభకు వెళ్లకపోవడం ఒక్కటే దారి.

'లేచి అడిగితే పేరు రాసుకుంటారు' అని ఇంకో భయం. పదిమంది కలిసి, సెక్షన్ నంబరు చెప్పి, రాతపూర్వకంగా అడగండి. ఒంటరిగా లేచి అరిచినవాణ్ని బయటికి పంపడం తేలిక. చేతిలో కాగితంతో వచ్చిన గూడేన్ని పంపడం కష్టం. మేం ఏ తుపాకీ పక్షమూ కాదు, అడవిలోదీ కాదు, ఠాణాలోదీ కాదు. పార్లమెంటు చేసిన చట్టాన్ని ఊళ్లో అమలు చేయమనడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఈ పేటలో ఇది కొత్త పనేం కాదు. నారాయణగూడలో మాడపాటి హనుమంతరావు పేరున ఆడపిల్లల బడి ఉంది. నిజాం కాలంలో ఆంధ్ర జనసంఘం పెట్టి, వెట్టికి వ్యతిరేకంగా ఊరూరా జనాన్ని కదిలించిన మనిషి ఆయన. తర్వాత హైదరాబాద్ నగరానికి మేయరయ్యారు. చదువుకున్నవాళ్లు నగరంలో కూర్చుని ఊరి సంగతి పట్టించుకోవడం అప్పట్లో వింత కాదు.

కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నది ఇది. ఏజెన్సీ ఊళ్లవాళ్లు తమ పంచాయతీలో రాబోయే గ్రామసభ తేదీ కనుక్కుని పోవాలి. చట్టప్రకారం రెండు నెలలకోసారి జరగాలి. పోయే ముందు ఈ-గ్రామ్‌స్వరాజ్ సైటులో మీ పంచాయతీ ప్రణాళిక, ఖర్చు ఫోన్లోనే చూసుకోండి. 'సీసీ రోడ్డు పూర్తి' అని అక్కడ ఉండి మీ వాడలో బురదే ఉంటే, ఆ పేజీ ప్రింటు తీసుకుని సభకు పట్టుకుపోండి. ఆఖరి తీర్మానాల పుస్తకం నకలుకు సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. ఊరి స్థాయిలో రుసుమే లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. సభలో ఒక్కరైనా కోయలోనో, గోండీలోనో, కొలామీలోనో కాగితం మొత్తం చదివి వినిపించాలి. తీర్మానం రాసేదాకా సంతకం పెట్టొద్దని అమ్మలకు చెప్పండి. గోండుల సంప్రదాయ పంచాయతీలైన రాయి సెంటర్లున్న చోట పటేళ్లను ముందే కలవండి; వాళ్లు నడిపే పంచాయతీ మన చట్టాలకన్నా పాతది, దాన్ని కాదని పోతే సభ నిలవదు.

మైదానం జిల్లాల మిత్రులకూ పనుంది. లా చదివినవాళ్లు మా తీర్మానాలు ఒకసారి చూసిపెట్టాలి. పాలిటీ బాగా వచ్చినవాళ్లు పీసా, అటవీ హక్కుల చట్టం మీద పామరులకు అర్థమయ్యే ఒక్క పేజీ రాసివ్వాలి; దాన్ని మా భాషల్లో చదివి రికార్డు చేసి ఫోన్లకు పంపుతాం. ఇక రేపు ఎంపీడీవోలు, డిప్యూటీ కలెక్టర్లు, డీఎస్పీలు, రేంజ్ ఆఫీసర్లు కాబోయేవాళ్లు ఇక్కడే కూర్చున్నారు. మీకు ఏటూరునాగారమో, ఆసిఫాబాదో పోస్టింగు వస్తే పనిష్మెంటు అనుకోకండి. ఖాళీ తీర్మానం కింద వేలిముద్రలున్న రిజిస్టరు మీ టేబుల్ మీదికి వస్తే వెనక్కి పంపండి. అంతకంటే పెద్ద ప్రమాణం మేం అడగం.

ప్రభుత్వాన్నీ అడుగుతున్నాం: ఖనిజ ట్రస్టు పనుల జాబితా గ్రామసభల్లో చదవాలి. కొత్త పంచాయతీలకు నిధులు ఆపొద్దు. ఎన్నికలు ఆగిన ఏజెన్సీ పంచాయతీలకు, బొగ్గు పట్టణాలకు పాలకవర్గాలు కావాలి. భద్రతా బలగాల క్యాంపు వేసిన ప్రతి ఊళ్లో అంతే తొందరగా నర్సు, టీచరు, కార్యదర్శి ఉండాలి.

వచ్చే ఆదివారం సాయంత్రం 5 గంటలకు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ ఆవరణలో కూర్చుంటున్నాం. మైకు లేదు, వేదిక లేదు, ముఖ్య అతిథి లేడు. మీ మండలం, మీ గూడెం, రాబోయే గ్రామసభ తేదీ, ఈ మూడూ ఒక చీటీ మీద రాసుకుని రండి. ఒకే మండలం వాళ్లను ఒక జట్టు చేసి, ఎవరు ఏ సభకు పోవాలో అక్కడే తేల్చేద్దాం. బస్సు చార్జీలకు ఇబ్బంది ఉన్నవాళ్లు మొహమాటపడకుండా చెప్పండి, చందా వేసుకుందాం. తప్పక రండి, రూమ్మేట్‌ను కూడా తీసుకురండి.

ఇట్లు,
అశోక్ నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ హాస్టళ్లలోని ఏజెన్సీ జిల్లాల ఉద్యోగార్థులు